చేతి అచ్చా, ఫోటోనా, నోటుబుక్కా? పిల్లల ఆనవాళ్లలో ఏది దాచుకుంటే నిలుస్తుంది

ముందే చెప్పేస్తున్నాను, నేను ఇవన్నీ చేసి చూసినదాన్ని. చేతి అచ్చు పోశాను, పాదం ముద్ర వేశాను, నెలనెలా ఒకే దుప్పటి మీద పడుకోబెట్టి ఫోటోలు తీశాను (ఐదో నెలతో ఆగిపోయింది, బోర్లాపడటం నేర్చాక మావాడు దుప్పటి మీద ఉంటే కదా), పొత్తిగుడ్డలు దాచాను, పిచ్చిగీతల కాయితాలు దాచాను, మాటలు రాసుకున్నాను. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. మొన్న ఆ డబ్బాలు తీసి చూస్తే సగం పాడైపోయాయి, కొన్ని ఎప్పటివో ఎందుకు దాచానో నాకే తెలియడం లేదు, మిగిలిన కాస్త మాత్రం ఎవరు అడిగినా చేతికివ్వను. ఆ మిగిలినవి ఏవి, ఎందుకు మిగిలాయి అన్నదే ఈ పోలిక. కొత్తగా తల్లయినవాళ్లు, కాబోతున్నవాళ్లు, అయ్యో పిల్లలు అప్పుడే బడికి వెళ్లిపోతున్నారే అని టెన్షన్ పడుతున్నవాళ్లు, మీకు ఏది కుదురుతుందో చూసుకోండి. అన్నీ చేసేద్దామని మాత్రం పెట్టుకోకండి. అన్నీ మొదలుపెడితే ఏదీ పూర్తవదు, నా దుప్పటి ఫోటోలే సాక్ష్యం.

మామూలుగా అందరూ అడిగేది "ఏది అందంగా ఉంటుంది" అని. నేనైతే ఏది ముందు మాయమవుతుంది అని అడగమంటాను. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు ఉండే బిడ్డ మొదటి ఏడాదిలోనే ఇంకో 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, బరువు మూడింతలవుతుంది. అది కళ్లకు కనిపించే మార్పు, అందుకే అందరూ దాన్నే పట్టుకుంటారు, ఫోన్లు ఫోటోలతో నిండిపోతాయి. చప్పుడు చేయకుండా పోయేవి వేరే ఉన్నాయి. ఉంగాలు కొట్టడం ఏ వారం ఆగిందో, ఒక మాటను తప్పుగా పలకడం ఏ రోజుతో సరైపోయిందో ఏ తల్లినైనా అడిగి చూడండి, చెప్పలేదు.

ఇక్కడ ఒక కళాకృతి గురించి చెప్పాలి. మేరీ కెల్లీ అనే ఆర్టిస్టు 1973లో కొడుకు పుట్టిన దగ్గర్నుంచి 1979 వరకు ‘పోస్ట్-పార్టమ్ డాక్యుమెంట్’ మీద పనిచేశారు. 1976లో అందులో కొంత భాగం లండన్‌లోని ఐసీఏ అనే ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనకు పెడితే పత్రికలు గోలగోల చేశాయి, ఎందుకంటే గోడ మీద ఫ్రేముల్లో ఉన్నవి బిడ్డ నాపీల్లో వేసే పలచటి పొరలు, మరకలతో సహా, వాటితోపాటే ఆ రోజు బిడ్డకు ఏం పట్టారో లెక్క. తర్వాతి భాగాల్లో వాడి వచ్చీరాని మాటలు, పిచ్చిగీతలు, ప్లాస్టర్‌లో చిన్న చేతి అచ్చులు, వాడి దుప్పటి పీలికలు, తల్లికి కానుకగా ఏరుకొచ్చిన పురుగులు, ఆకులు, చివరికి పలకలాంటి ఫలకాల మీద అక్షరాలు. మనం ఏది దాచాలా అని కొట్టుకుంటున్నవన్నీ ఆమె ఒక్కచోటే పెట్టేశారు. తల్లి బొమ్మ మాత్రం ఒక్కటి కూడా ఉండదు. అయినా తల్లి అంతటా ఉంటుంది, ఎందుకంటే బిడ్డ ఆనవాళ్ల పక్కనే ఆమె రాత ఉంటుంది, వాడు నర్సరీకి వెళ్లడం మొదలుపెట్టినప్పుడు తనకెలా ఉందో లాంటి సంగతులతో.

ఇది తెలిశాక నా డబ్బా మళ్లీ తెరిచాను. వాడివి అన్నీ ఉన్నాయి, నేను ఎక్కడా లేను. అందుకే కింద చెప్పేవాటిని అన్నిటినీ ఒకే ప్రశ్నతో చూశాను: పదేళ్ల తర్వాత ఇది మా ఇద్దరి గురించీ ఏమైనా చెప్తుందా, లేక ఒక చిన్న పాదం సైజు మాత్రమే చెప్తుందా?

అచ్చుల సంగతి

అందరూ మొదట చేయించేది ఇదే, నా దృష్టిలో ఉన్నదానికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నదీ ఇదే. వాడేది ఆల్జినేట్ పొడి, పళ్ల డాక్టర్లు దవడ కొలత తీయడానికి వాడేదే, సముద్రపు నాచు నుంచి తీస్తారు. నీళ్లలో కలిపితే చిక్కగా అవుతుంది, అందులో చెయ్యి ముంచి రెండు మూడు నిమిషాలు కదలకుండా ఉంచితే రబ్బరులా బిగుస్తుంది, చెయ్యి మెల్లగా లాగేసి ఆ గుంటలో ప్లాస్టర్ పోయాలి. వినడానికి ఇంతే. నీళ్లు గోరువెచ్చగా ఉంటే అది ఇంకా తొందరగా బిగుస్తుంది, మాకు మొదటిసారి గిన్నెలో కలుపుతుండగానే గడ్డకట్టింది, వాడి చెయ్యి ఇంకా చొక్కా చేతిలోనే ఉంది. చల్లటి నీళ్లతో అయితే కాస్త టైమ్ దొరుకుతుంది గానీ చల్లటి దాంట్లో బిడ్డ చెయ్యి పెట్టనిస్తుందా అనేది ఇంకో కథ. అచ్చు తీశాక రేపు పోద్దాంలే అనుకోవద్దు, నీరు ఆరేకొద్దీ ఆల్జినేట్ ముడుచుకుపోతుంది, వేళ్లు పుల్లల్లా వస్తాయి.

ఇంకో చిక్కు ఎవరూ ముందు చెప్పరు. అప్పుడే పుట్టిన బిడ్డ గుప్పిట విప్పదు. అరచేతికి ఏది తగిలినా బిగించి పట్టుకోవడం పుట్టుకతోనే వస్తుంది, ఐదారు నెలలకు గానీ అది పోదు. నెల బిడ్డ చేతి అచ్చు తీయబోతే పిడికిలి ముద్ద ఒకటి వస్తుంది. అంత చిన్న వయసులో కావాలనుకుంటే పాదం తీయండి, నిద్రలో ఉండగా పని అయిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం సరదాలు వద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో చెయ్యి నేరుగా పెట్టించకండి, పిల్లలదైనా మీదైనా. గట్టిపడేటప్పుడు దానిలోంచి వేడి పుడుతుంది, మందంగా ఉంటే 60 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదు, చురుక్కుమని తెలిసేసరికి అది బిగుసుకుపోయి చెయ్యి బయటకు రాదు. 2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూలు అమ్మాయి ఆర్ట్ క్లాసులో ఇలాగే చేతి అచ్చు చేయబోయి చాలా వేళ్లు పోగొట్టుకుంది. ఒంటికి తగిలేది ఆల్జినేట్ మాత్రమే, ప్లాస్టర్ ఆ గుంటలోకే.

ఇంతా చేస్తే వచ్చేది ఏమిటి? విక్టోరియా రాణి తన బిడ్డల చిన్నప్పటి చేతులు, కాళ్లు పాలరాతిలో చేయించుకున్నారు, ఆమె నివాసమైన ఆస్బర్న్ హౌస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. పనితనం గొప్పదే, కానీ మనిషి లేకుండా ఉత్త చెయ్యి ఒక్కటే అలా తెల్లగా పడుంటే నాకు ముద్దు రాలేదు, ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో ప్లాస్టర్ చెయ్యి కూడా అంతే, చూడటానికి పగిలిన బొమ్మ ముక్కలా ఉండేది, రెండోసారి ఇల్లు మారినప్పుడు బొటనవేలు ఊడిపోయింది. అచ్చే కావాలి అనుకుంటే మీ చెయ్యి కూడా పెట్టండి. ఐదేళ్లప్పుడు మళ్లీ చేశాం, ఈసారి నా వేలు వాడి గుప్పిట్లో. అది మాత్రం బాగుంది, వాడు ఎంత గట్టిగా పట్టుకున్నాడో నా వేలి చర్మం నొక్కుకుపోయిన మడతలో కనిపిస్తుంది. ఉప్పు, పిండి కలిపి చేసే ముద్దలో ముద్ర వేయడం తేలికే గానీ అది గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, బూజు పడుతుంది, ఏళ్ల తరబడి ఉండాలంటే దాని జోలికి పోవద్దు.

బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. వాళ్లకు ఆ ఒక్క పాదం ముద్రే సర్వస్వం కావచ్చు, దాన్ని ఎక్కువ తక్కువ అనడానికి నేనెవర్ని. కేటే కోల్‌విట్జ్ అనే జర్మన్ కళాకారిణి చిన్న కొడుకు 1914లో యుద్ధంలో చనిపోతే, ఆ కొడుకు కోసం చెక్కిన తల్లిదండ్రుల విగ్రహాలు 1932లో గానీ పూర్తికాలేదు. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ముద్ర తీసిస్తామంటే సరే అనండి, చూడాలని ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చూడొచ్చు.

ఇంకు ముద్ర

అచ్చుకూ దీనికీ పోటీ పెడితే నా ఓటు దీనికే. అయిదు నిమిషాల పని, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, తప్పితే ఇంకో కాయితం తీసుకోవచ్చు. చూసుకోవాల్సినవి రెండే. డై ఇంకు కాకుండా పిగ్మెంట్ ఇంకు ప్యాడ్ తీసుకోండి, చర్మానికి పడేది అని రాసి ఉండాలి. డై ఇంకు వెలుతురుకు వెలిసిపోతుంది. కాయితం యాసిడ్ లేనిది అయి ఉండాలి, నోటుబుక్కులో పేజీ చింపి వేస్తే కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి అంచులు పొడిపొడిగా రాలుతాయి.

దీన్ని కళగా మార్చే తేలిక దారి ఒకటుంది. ఒకే కాయితం మీద, ఒకే చోట, ప్రతి పుట్టినరోజుకూ ఒక్కో రంగులో, పాత ముద్ర మీదే కొత్తది. మొదటి ముద్ర మీ అరచేతిది వేయండి, అన్నిటికంటే అడుగున. ఏటా పిల్లల చెయ్యి మీ చేతి అంచుల వైపు జరుగుతూ వస్తుంది. మాది ప్రస్తుతం చిటికెన వేలు దగ్గర తప్ప అంతా నిండిపోయింది.

ఫోటోలు, ఒక స్కాన్ కాయితం

ఫోటోల్లో సమస్య తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. నెలనెలా, వారంవారం అని పెట్టుకుంటే నాలాగే ఆగిపోతారు. రినెకె డైక్‌స్ట్రా అనే డచ్ ఫోటోగ్రాఫర్ బోస్నియా నుంచి శరణార్థిగా వచ్చిన ఆల్మెరీసా అనే పాపను 1994లో కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశారు, తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఒకసారి అలాగే కుర్చీలో కూర్చోబెట్టి 2008 దాకా తీస్తూ పోయారు. మొత్తం పదకొండే. మొదటి దాంట్లో పాప కాళ్లు నేలకు అందవు, తర్వాత అందుతాయి, ఆఖరి దాంట్లో ఆమె ఒళ్లో ఆమె బిడ్డ. ఏమీ నటించమనలేదు, నవ్వమనలేదు. పదకొండు ఫోటోలతో అంత కథ వచ్చినప్పుడు మనకు నెలకు ఐదు వందల ఫోటోలు ఎందుకు చెప్పండి. ఏడాదికి ఒక్కటి, అదే చోట, అదే దూరం నుంచి, ప్రింటు తీసి వెనకాల పెన్సిల్‌తో తారీఖు వేస్తే చాలు.

ఎప్పుడూ ఫోన్ పట్టుకునేది మీరే అయితే ఆ ఫోటోల్లో మీరు ఉండరు. మొదటి రెండేళ్లలో నేనూ వాడూ కలిసి ఉన్నవి నాలుగే నాలుగు, అందులో ఒకటి అద్దంలో. తల దువ్వుకోకపోయినా, భుజం మీద పాలు కక్కిన మరక ఉన్నా, ఫోన్ పక్కవాళ్ల చేతికివ్వండి.

ఇంకోటి, కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చే స్కాన్ కాయితం. చాలాచోట్ల అది థర్మల్ పేపర్, దాంట్లో ఇంకు ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. బిల్లు కాయితాలు ఎలా వెలిసిపోతాయో ఇదీ అలాగే వెలిసిపోతుంది, వెలుతురుకు, వేడికి, ప్లాస్టిక్ కవర్లకు కూడా. భద్రంగా ఉంటుందని లామినేషన్‌కు ఇస్తే ఆ వేడికి మొత్తం నల్లగా అయిపోతుంది. నాది అల్బమ్‌లో జిగురు పేజీ మీద అంటించి ప్లాస్టిక్ పొర వేసి మహా భద్రంగా పెట్టుకున్నాను, ఇప్పుడు అక్కడ ఉన్నది బూడిదరంగు కాయితం, మూలన తారీఖు మాత్రం లీలగా. ఆ కాయితానికి స్కానర్‌తో కాపీ తీసి మామూలు ఫోటో కాయితం మీద ప్రింటు వేయించుకోండి, ఆలస్యం చేస్తే తీయడానికి ఏమీ మిగలదు.

మాటలు, గొంతు

ఒక్కటే చేయగలను అనేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. పెద్దయ్యాక మూడేళ్లలోపు సంగతులు దాదాపు ఎవరికీ గుర్తుండవు. అంటే ఆ మూడేళ్లూ మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు, వాడి దగ్గర కూడా లేవు.

మావాడు రెండేళ్లప్పుడు సబ్బును "బస్సు" అనేవాడు. బస్సును కూడా "బస్సు" అనేవాడు. స్నానం చేయిస్తుంటే "బస్సు కళ్లలో పోయింది" అని ఏడుపు. విమానం అంటే "మివానం". ఇవి నాకు ఇప్పుడు గుర్తున్నాయని చెప్తే అబద్ధం, నోటుబుక్కులో ఉన్నాయి కాబట్టి తెలుసు. చిన్న నోటుబుక్కు, దారంతో పెన్ను కట్టి తలుపు కొక్కానికి వేలాడదీశాను, ఏరోజు ఏం విన్నానో అలాగే రాశాను, సరిచేయకుండా. పక్కనే ఎప్పుడైనా నా సంగతి ఒక ముక్క. "ఇవాళ బస్సు కళ్లలో పోయింది, నేను నవ్వాను, వాడికి కోపం వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు, నవ్వినందుకు సిగ్గేసింది." ఆ నాలుగు ముక్కల్లో ఉన్నంత ఆ రెండేళ్ల ఫోటోలన్నీ కలిపినా లేదు.

ఇది కొత్త ఆలోచన ఏమీ కాదు. చార్లెస్ డార్విన్ 1839 డిసెంబరులో పుట్టిన తన పెద్ద కొడుకు గురించి ఇలాగే నోట్సు రాసుకుని 1877లో దాన్ని వ్యాసంగా వేశారు. సరిగ్గా ఏడాది వయసులో బిడ్డ తిండికి "మమ్" అని సొంత మాట కనిపెట్టాడని అందులో ఉంది. ఇంకో కొసన డెబ్ రాయ్ అనే ఆయన, అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకుడు, ఇంటి పైకప్పుకు కెమెరాలు, మైకులు బిగించి కొడుకు మొదటి మూడేళ్లను రికార్డు చేశారు, వీడియోనే 90,000 గంటలు. అందులోంచి బిడ్డ "గాగా" అనడం ఆర్నెల్లలో మెల్లగా "వాటర్"గా ఎలా మారిందో నిమిషంలోపు కుదించి వినిపించారు, అదెంత బాగుంటుందో చెప్పలేను. కానీ 90,000 గంటలు వడపోయడానికి ఆయన వెనక ఒక ల్యాబ్ ఉంది, మన వెనక ఉతకాల్సిన బట్టల గుట్ట ఉంది.

మనలాంటివాళ్లకు నోటుబుక్కుతోపాటు నెలకో రెండు నిమిషాల ఆడియో చాలు. వీడియో వద్దా అంటే వద్దనను, కానీ కెమెరా చూడగానే పిల్లలు వేషాలేస్తారు, ఫోన్ పక్కన పడేసి మాట్లాడిస్తే మామూలుగా ఉంటారు, మీ గొంతు కూడా అందులో పడుతుంది. ఫైలు పేరులో తారీఖు పెట్టండి. మూడు కాపీలు, రెండు రకాల వాటిలో, ఒకటి ఇంటి బయట ఎక్కడైనా. మావాడు మూడేళ్లు వచ్చేదాకా మాట్లాడినవన్నీ ఒకే ఫోన్లో ఉండేవి, ఆ ఫోన్ నీళ్లలో పడింది, నేను అంతకుమించి చెప్పను.

గీతలు, బట్టలు, జేబుల్లో దొరికినవి

బొమ్మలు అన్నీ దాచకండి. ఏడాదికి పది. ఏ పది అంటే, మారిన చోట పట్టుకోండి: ఉత్త గీకుడు ఉన్నది, మొదటిసారి గీత తిరిగొచ్చి గుండ్రంగా మూసుకున్నది, మూడు నాలుగేళ్లప్పుడు వచ్చే ఆ వింత మనిషి (ఒంటి ఊసే ఉండదు, తలకాయలోంచే కాళ్లు దిగుతాయి), పేరులో అక్షరం తిరగబడ్డది. వెనకాల పెన్సిల్‌తో తారీఖు, పిల్లలు దాన్ని ఏమన్నారో ఆ మాట. స్కెచ్ పెన్నులతో వేసినవి గోడకు తగిలిస్తే వెలుతురుకు తెల్లబోతాయి, కాబట్టి స్కాన్ చేసి కాపీని తగిలించి అసలుది చీకట్లో పెట్టండి. పెన్సిల్ గీత మాత్రం మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

బట్టల విషయంలో రెండు మూడు జతలు మించొద్దు, దాచేముందు బాగా ఉతికి ఆరబెట్టండి. శుభ్రంగా ఉందనుకుని పెట్టిన పొత్తిగుడ్డ మీద కంటికి కనిపించని పాల మరక ఏళ్లు గడిచాక పసుపుపచ్చగా పైకి తేలుతుంది. గంజి పెట్టకండి, పురుగు పడుతుంది. ముక్కలు కత్తిరించి బొంత కుట్టిస్తే వాడుకలో ఉంటుంది, అది మంచిదే, కానీ కత్తెర పెట్టాక వెనక్కి రాదు, నాకు ధైర్యం చాల్లేదు. పాలపళ్లు, పుట్టువెంట్రుకల మీద నాకు పెద్ద అభిప్రాయం లేదు, డబ్బా తెరిచి పళ్లు చూస్తే నాకేమీ అనిపించలేదు.

వస్తువులు దాచడంలో నాకు నచ్చింది లెంకా క్లేటన్ అనే ఆర్టిస్టు పద్ధతి. కొడుకు ఎనిమిది నెలల నుంచి పదిహేను నెలల మధ్య నోట్లో పెట్టుకుంటే ఆమె లాగేసిన 63 వస్తువులను వరుసగా పేర్చి అదే కళాకృతి అన్నారు, బోల్టు, గుండీలు, నాణేల్లాంటివి, సిగరెట్ పీక కూడా. చూడగానే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒక్కో వస్తువు వెనక "నోరు తెరువు, తెరువు" అంటూ వేలు పెట్టి లాగుతున్న తల్లి కనిపిస్తుంది. అందులో ఇద్దరూ ఉన్నారు. ఇలాంటిది ఎవరైనా చేయొచ్చు: ఒక ఏడాది పాటు ఉతికేముందు జేబుల్లో దొరికినవన్నీ ఒక సీసాలో వేయండి, ఏడాది అవ్వగానే మూత బిగించేయండి.

ఎత్తు గీతలు తేలికైనవి, మానేయడానికి సాకు లేదు. ఫ్రాన్సులో గెనో ద మోంబేయార్ అనే ఆయన 1759 నుంచి 1777 వరకు కొడుకు ఎత్తును సుమారు ఆర్నెల్లకోసారి కొలిచి రాశారు, ఎదుగుదల మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ అంకెలు చూపిస్తారు. అద్దె ఇంట్లో ఉంటే గోడ మీద గీయకండి, ఇల్లు మారితే గోడ రాదు. ఒక పొడవాటి చెక్క బద్ద మీద గీయండి.

ఇక ఎవరికి ఏది అంటే, నిద్ర లేక తూగుతున్న మొదటి నెలల్లో పాదం ముద్ర ఒకటి వేసి మిగతావి మర్చిపోండి. పనికి వెళ్లి రాత్రికి గానీ ఇంటికి రానివాళ్లకు ఆడియో బాగా కుదురుతుంది, పడుకోబెట్టేటప్పుడు ఎలాగూ మాట్లాడతారు. రాయడం ఇష్టం లేనివాళ్లు ఏటా ఒక ఫోటో, చెయ్యి మీద చెయ్యి ఇంకు ముద్ర. బిడ్డ పెద్దయ్యాక మీ దగ్గరికి వచ్చినా, ఇన్నేళ్లూ ఏమీ దాచకపోయినా, ఇవాళ్టి ఎత్తు నుంచి మొదలుపెట్టండి, ఆల్మెరీసా ఫోటోలు కూడా పుట్టుక నుంచి మొదలవలేదు.

ఒకటి మర్చిపోయాను. ఈ మధ్య నోటుబుక్కు మావాడికి చూపించాను. "బస్సు" దగ్గర పడీపడీ నవ్వాడు, ఇంకో పేజీ చదివి ఇది ఎవరికీ చూపించొద్దు అన్నాడు. ఆ పేజీకి క్లిప్పు పెట్టాను, అందులో ఏముందో ఇక్కడ రాయను. బయట పెట్టేదైనా, గోడకు తగిలించేదైనా, వాళ్లకు మాట వచ్చాక వాళ్లను అడగండి, వద్దంటే డబ్బాలోనే ఉంచండి.